గుమ్మడికాయ మీద మన ఊరు

ఆ మంగళవారం పొద్దున్న శాంతిరాజు మాస్టారి ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: నులకమంచం మీద మలేరియా జ్వరంతో మాస్టారు, లోపలి గదిలో ఇరవై రోజుల బాలింత స్వర్ణకుమారి, ఆమె పక్కలో ఇంకా పేరు పెట్టని ఆడపిల్ల, వంటింటి గుమ్మంలో బెల్లంముక్క చీకుతున్న నాలుగేళ్ల నోవహు, పంచలో చాప మీద ఐదో తరగతి పిల్లలు ఐదుగురు. వీళ్లందరి మధ్యా, ఎవరు పిలిస్తే అటు తిరుగుతూ, పదిహేనేళ్ల మణి.

జ్వరం మాస్టారిది, నీరసం స్వర్ణకుమారిది, ఆకలి నోవహుది, ఏడుపు పసిదానిది. పని మాత్రం మణిది. చీకటితో లేచి నాలుగు బిందెల నీళ్లు తెచ్చింది. పసిదాని గుడ్డలు ఉతికి దడి మీద ఆరేసింది. తల్లికి మిరియాల చారు కాచింది, తండ్రికి కషాయం కాచింది, రెండింటికీ ఒకటే గిన్నె గనక మధ్యలో తోమింది. పిల్లల ముందు కూర్చునేసరికి సగం రోజు పని అయిపోయింది. మిగతా సగం అలాగే ఉంది.

"మొదలెట్టమ్మా," అన్నాడు మంచం మీంచి తండ్రి. రెండు దుప్పట్ల కింద ఆయన పళ్లు టకటకమంటున్నాయి. "ఎల్లుండి ఆయనొస్తాడు."

ఆయనంటే డిప్యూటీ ఇనస్పెక్టరుగారు. చోడవరం శివారులో, బుచ్చయ్యపేట రోడ్డు పక్కన ఉన్న ఈ మిషన్ బడికి మాస్టారు ఒక్కరే. కిందటేడు ఇనస్పెక్టరుగారు వచ్చి ఐదో తరగతిని లేపి, భూగోళం మీద చోడవరం ఎక్కడుందో చెప్పమన్నారు. "అనకాపల్లి దాటేక బాబూ," అన్నాడొకడు. "బస్సు ఆగేకాడ," అన్నాడు ఇంకొకడు. ఇనస్పెక్టరుగారు నవ్వలేదు. ఐదో తరగతికి అక్షాంశ రేఖాంశాల జ్ఞానం శూన్యమనీ, వచ్చే తనిఖీలో ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతామనీ, అప్పటికీ ఇలాగే ఉంటే బడి గుర్తింపు రద్దు చేయమని రాస్తామనీ తనిఖీ పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి వెళ్లారు. గుర్తింపు పోతే బడి ఉండదు. ఇల్లు కూడా బడివాళ్లదే. అది పోతే ఈ బాలింతనీ ఈ మంచాన్నీ ఎక్కడికి మొయ్యాలో మణికి తెలీదు.

ఇక జ్వరమా, రోజు విడిచి రోజు వస్తుంది. మంగళవారం వచ్చింది గనక గురువారం వస్తుంది. లెక్క ఎవరైనా వెయ్యగలరు. అందుకే అడ్డంగా ఉండేవి అక్షాంశాలని, నిలువుగా ఉండేవి రేఖాంశాలని నేర్పే పని మణి మీద పడింది. ఎనిమిదో తరగతి దాకా చదివి, తల్లికి మళ్లీ నెల తప్పాక మానేసిన పిల్ల ఆమె. పెద్దవాళ్ల ముందు నోరు పెగలదు. పిల్లల ముందైతే కొంచెం నయం.

బడిలో గ్లోబు లేదు. అందుకని ముందురోజే, ఎవరింట్లోనైనా గుండ్రటి కాయ ఉంటే తెమ్మని చెప్పింది. తరగతిలో తెలివైనది చిన్నమ్మి. తన ఇంటి పందిరి మీది బూడిదగుమ్మడికాయను నెత్తిన పెట్టుకుని తెచ్చింది. దాసు బొంతలు కుట్టే నల్లదారం ఉండ తెచ్చాడు. ఎర్ర సిరా అయిపోయిందంటే పరదేశి ఇంటికి పరిగెత్తి ఆకులో కుంకం పొట్లం కట్టుకొచ్చాడు. వాళ్లు తెచ్చినవన్నీ మణి తీసుకుంది. ఆలోచించడానికి ఓపిక లేదు.

"ఇది భూమి," అంది గుమ్మడికాయను చాప మీద నిలబెట్టి. "తొడిమ ఉన్న వైపు ఉత్తర ధ్రువం. కింద దక్షిణ ధ్రువం."

"అక్కా, మరి భూమిని పందిరి మీంచి ఎవులు కోసేరు?" అన్నాడు పరదేశి.

పిల్లలు కిసుక్కుమన్నారు. మణికి కూడా నవ్వు వచ్చింది గానీ నవ్వితే మళ్లీ మొదటినుంచి చెప్పుకురావాలని ఊరుకుంది. తడివేలితో కుంకం తీసి కాయ నడుం చుట్టూ గీత గీసింది. "ఇది భూమధ్యరేఖ. దీనికి పైనా కిందా ఇలా అడ్డంగా చుట్టుకుంటూ పోతే అక్షాంశాలు." నల్లదారం చుట్టింది. "తొడిమ నుంచి కిందికి ఇలా నిలువుగా లాగితే రేఖాంశాలు." మళ్లీ దారం లాగి ముడేసింది. లోపల పసిది ఏడ్చింది. దారం కొస పరదేశి చేతికిచ్చి, "వదలకు," అని లోపలికి వెళ్లి, ఉయ్యాల నాలుగు ఊపులు ఊపి వచ్చింది. వచ్చేసరికి పరదేశి దారం వదిలేశాడు. మళ్లీ చుట్టింది.

"ఈ గీతలు నిజంగా ఉన్నాయా అక్కా?" అంది చిన్నమ్మి.

"లేవు. మనం అనుకున్నవే."

"నేవంటే మరెందుకు నేర్సుకోడం?"

మణి ఒక నిమిషం కళ్లు మూసుకుంది. పాఠం గుర్తుకు తెచ్చుకోవడానికి కాదు, రెప్పలు బరువెక్కి. తెరిచేసరికి రోడ్డు అవతల చెరకుతోట కనిపించింది.

"మీ తోటలో ఒక్క దుబ్బుకి చీడ పట్టిందనుకో. అది ఏ దుబ్బో మీ నాన్నకి ఎలా చెప్తావు?"

"గట్టు కాణ్నించి పదో సాలు, అందులో ఏడో దుబ్బు అని."

"సాలు ఒక్కటే చెప్తే?"

"సాలంతా ఎతుక్కోవాల."

"అంతే. సాలు అక్షాంశం, దుబ్బు రేఖాంశం. రెండూ చెప్తే భూమి మీద ఏ ఊరైనా వెతుక్కోకుండా దొరుకుతుంది."

చిన్నమ్మి తోట వైపు ఒకసారి, గుమ్మడికాయ వైపు ఒకసారి చూసింది. తర్వాత, "ఓలమ్మా, భూమంతా మన సెరుకుతోటేనేటి!" అంది.

మంచం మీంచి మాస్టారు దుప్పటి కిందనుంచే అన్నాడు: "ఎనభై రెండున్నర రేఖాంశం చెప్పు. మన పక్క నుంచే పోతోంది."

దేశంలో గడియారాలన్నీ ఆ రేఖను బట్టే నడుస్తాయనీ, అది నర్సీపట్నం దాటాక కాస్త పడమరగా పోతుందనీ మణి చెప్పింది. పరదేశి నమ్మలేదు. "మా మావ మొన్న అటే సంతకి ఎల్లొచ్చేడు. గీతా నేదు, ఏటీ నేదు. ఉంటే కాలికి తగలదా?"

"తగలదురా. అది అనుకున్నదే అని ఇందాకే చెప్పేను కదా."

"మరి మన ఊరో?"

ఇనస్పెక్టరుగారు అడిగేది అదే. అక్షాంశం పదిహేడు దాటి పద్దెనిమిదికి దగ్గర. రేఖాంశం ఎనభై మూడుకి ఒక పిసరు ఇటు. మణి లెక్కచూసి దారాలు కలిసే చోట వేలు పెట్టింది. వేలు తీస్తే గుర్తు ఉండటంలేదు. పైన బూడిద రాలిపోయి కాయంతా వేలిముద్రలే. ఇక లాభం లేదని లేచి, దడి మీది తుమ్మకొమ్మ నుంచి ఒక ముల్లు విరిచి తెచ్చి, ఆ చోట గట్టిగా గుచ్చింది.

"ఇదిగో. ముల్లు ఉన్న చోట మన ఊరు."

ఐదుగురూ తలలు కలిపి చూశారు. మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరి చేతా చెప్పించింది. దాసు రెండుసార్లు తప్పి మూడోసారి చెప్పాడు. పరదేశి డిగ్రీలని శేర్లన్నాడు, తర్వాత సరిచేసుకున్నాడు. చిన్నమ్మి మాత్రం కాయ వైపు చూడకుండానే గడగడా చెప్పేసింది.

"అక్కా, దీన్ని ఇంటికి పట్టికెల్తాను. రాత్రి ఇంకోపాలి సదూకుంటాను," అంది పోయేటప్పుడు.

ఇది బడిలోనే ఉండాలి, పోతే ఇంకోటి దొరకదు, అని మణి అనబోయింది. నోవహు పొయ్యి దగ్గర గంజి ఒలకబోశాడు. "సరే, రేపు తే," అంటూ లోపలికి పరిగెత్తింది.

బుధవారం పొద్దున్న పాలు రాలేదు.

బాలింతకని అచ్చియ్యమ్మ, అంటే చిన్నమ్మి తల్లి, ఇరవై రోజులుగా చెంబుడు పాలు కూతురి చేత పంపిస్తోంది. పాలు రాలేదు, చిన్నమ్మీ రాలేదు. తక్కిన నలుగురూ రాలేదు. చాప పంచలో పరిచే ఉంది. పొద్దు బారెడెక్కాక దడి అవతల పరదేశి తల కనిపించింది.

"ఒరే, లోపలికి రా."

"రాను. మా అమ్మ సంపేస్తాది."

"ఎందుకురా?"

వాడు చెప్పింది ఇది. చిన్నమ్మి కాయ ఎత్తుకుని ఇంటికి పోతూ దారిలో వాళ్ల గానుగ దగ్గర ఆగింది. అక్కడ బెల్లం వండుతున్నారు. వేడి బెల్లం పెడతారని ఆగింది పాపం. కాయను పొయ్యి గట్టు మీద పెట్టింది. అక్కడున్నవాళ్లు ఇదేటే అంటే, ఇది భూమి, ఇది మన ఊరు, మణక్క మన ఊరికి ముల్లు గుచ్చింది, అని అందరికీ చూపించింది. ఆ తర్వాత దింపిన పెనంలో పాకం బెల్లంగా గడ్డ కట్టలేదు. దాని తర్వాతదీ కట్టలేదు. మూడోదీ మన్నులాగే జారిపోయింది.

"సిల్లంగి అంతన్నారు," అన్నాడు పరదేశి గొంతు తగ్గించి. "బూడిదగుమ్మిడికాయ, నల్లదారం, కుంకం, ముల్లు. అన్నీ ఉన్నాయి కదేటి మరి."

"కుంకం తెచ్చింది నువ్వే కదరా!"

"నేను తెచ్చేనని సెప్పకక్కా. నీకు దండం పెడతాను." తల మాయమయ్యింది.

మణి దడి పట్టుకుని నిలబడిపోయింది. బూడిదగుమ్మడికాయ, నల్లదారం, కుంకం, ముల్లు. నిన్నంతా వాటి మీద చేతులు పెట్టి కూర్చుంది. ఒక్కటొక్కటిగా అవి వచ్చాయి, ఒక్కటొక్కటిగానే చూసింది. వాళ్లది కిరస్తానీ ఇల్లు, కుంకం ఉండదు, గుమ్మానికి గుమ్మడికాయ కట్టరు. అయినా ఈ ఊళ్లో పుట్టి పెరిగినది, చేతబడిని చిల్లంగి అంటారని తెలియనిదేమీ కాదు. అలాంటి కాయ ఏ మూడుదారుల్లోనో కనిపిస్తే తను కూడా చుట్టుతిరిగి పోయి ఉండేది.

మాస్టారికి ఆ రోజు జ్వరం లేని రోజు. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, విన్నాడు. "వాళ్ల చెరకు కార్తీకం వానకి పడిపోయింది. పడిపోయిన చెరకు బెల్లం కట్టదు. నేను వెళ్లి చెప్తాను," అన్నాడు. నాలుగడుగులు వేసి పంచలోనే కూర్చుండిపోయాడు.

లోపలినుంచి స్వర్ణకుమారి అంది, "నువ్వు వెళ్లు మణీ. అచ్చియ్యమ్మ ఒక్కతి పంపితే తక్కినవాళ్లంతా పంపుతారు. ఆమె మంచిది. మనకి పాలు పోసిన మనిషి."

"నేనా? నేనేం మాటాడతానమ్మా?"

"ఏదో ఒకటి. ఉన్నది చెప్పు."

ఉన్నది చెప్పడం ఎంత కష్టమో మణి దారి పొడుగునా చెప్పుకుని చూసుకుంది. అమ్మా, అది గ్లోబు. కాదు, గ్లోబంటే ఆవిడకి తెలీదు. అమ్మా, అది పాఠం. పాఠంలో ముల్లు ఎందుకంటుంది. గానుగ పక్కనుంచే పోవాలి. ఎడ్లు నిలబెట్టి ఉన్నాయి. పొయ్యి చల్లారి ఉంది. కాస్త దూరంలో, ఖాళీ నేల మీద ఒక తట్ట బోర్లించి, దాని చుట్టూ ముగ్గు వేశారు. దాని కింద ఏముందో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడున్న మగవాళ్లు ఆమెను చూసి మాటలు ఆపారు. ఎవరైనా ఏదైనా అంటే బావుణ్ణనిపించింది.

అచ్చియ్యమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో మినుములు బాగుచేస్తోంది. మణి ఎప్పటిలాగే అరుగు కిందే నిలబడింది.

"ఏటే, ఎందుకొచ్చేవు?" తల ఎత్తలేదు అచ్చియ్యమ్మ.

"చిన్నమ్మి... బడికి..."

"బడికా! బడికి పంపితే నేర్పింది సాల్లేదా?"

"రేపు ఇనస్పెక్టరుగారొస్తారమ్మా. చిన్నమ్మి ఉండాలి. పిల్లలు లేకపోతే మా బడి తీసేస్తారు."

"మీ బడి తీసేస్తారని నీకు బెంగ. మూడు పెనాలు మన్నయిపోయి మా మగడు నిన్నటి కాణ్నించి కూడు ముట్టనేదు. దానికేటి సెప్తావు?"

తలుపు వెనక నుంచి చిన్నమ్మి ఒక కన్నుతో చూస్తోంది. ఆ కన్ను చూసి మణికి పాఠం గుర్తొచ్చింది. పిల్లకి చెప్పినట్టే చెబుదామనుకుంది. రెండు చేతులూ ఎత్తి, ఎడమ పిడికిలి కాయ చేసి, కుడిచేతి వేలితో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గాలిలో గీసింది. తోటలో సాళ్లు, దుబ్బులు, ఊరు వెతుక్కోవడం, గుర్తు కోసం ముల్లు. అన్నీ చెప్పింది. నిన్నటినుంచి ఎన్నిసార్లు చెప్పిందో, మాటలు వాటంతటవే వచ్చాయి. పెద్దవాళ్ల ముందు జీవితంలో అంతసేపు మాట్లాడలేదు.

అచ్చియ్యమ్మ చేతులు ఆగాయి. వింది.

"ఆ గీతలు ఎవులికైనా కనపడతాయా?"

"కనపడవమ్మా."

"నువ్వు సూసేవా?"

"లేదు. పుస్తకంలో ఉంది."

"నీకు కనపడని గీతలు నేను నమ్మాల. నాకు కనపడని సిల్లంగి నువ్వు నమ్మవు. బాగున్నాదే నీ సదువు." అయితే ఆ మాటలో కోపం తక్కువగానే ఉంది. తలుపు వెనక నుంచి చిన్నమ్మి ఒక్కసారిగా అంది: "ఉన్నాయే అమ్మా! పదేడు దాటి పద్దినిమిదికి దగ్గర, ఎనబై మూడుకి ఓ పిసరు ఇటు. అది మనవే!"

అచ్చియ్యమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపులో ఒక్క క్షణం, తనకు తెలియనిది తన పిల్లకు తెలిసిందన్న మురిపెం కదిలింది. మణి అది చూసింది. పంపుతుంది, అనుకుంది. అరుగు అంచు పట్టుకుంది.

అచ్చియ్యమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "నాకవన్నీ తెలీవు. ఒక్కటి సెప్పు. ఇన్ని ఊళ్లున్నాయి కదా. రోలుగుంట ఉంది, మాడుగుల ఉంది. ఆటి మీద గుచ్చలేకపోయేవా?"

"మనం ఎక్కడున్నామో తెలియాలి కదమ్మా."

"గుచ్చింది నువ్వే?"

"నేనే."

"అయితే ఇను. గుచ్చిన సెయ్యే తియ్యాలంటారు. గానుగ కాడికొచ్చి, మా మగడి ముందు, పదిమంది ముందు ఆ ముల్లు తీస్తావా?"

మణి నాన్న అక్కడ ఉంటే, తియ్యడానికి అక్కడేముందమ్మా, అది గుమ్మడికాయ, కూర వండుకోండి, అని ఉండేవాడు. తల్లి అయితే ఏడ్చి ఉండేది. మణికి మాత్రం నీళ్ల బిందెలు గుర్తొచ్చాయి. మధ్యాహ్నం బియ్యం ఇంకా ఏరలేదు. పసిదాని గుడ్డలు దడి మీదే ఉన్నాయి. రేపు పొద్దున్న ఐదుగురూ చాప మీద ఉండాలి. దానికి ఒక ముల్లు లాగాలి. పొద్దుటినుంచీ ఎవరు ఏది తెమ్మంటే అది తెచ్చింది, ఏది తియ్యమంటే అది తీసింది. ఇదీ అలాంటి పనే కదా అనిపించింది.

"తీసేస్తానమ్మా," అంది. "ఇప్పుడే వచ్చి తీసేస్తాను. చిన్నమ్మిని పంపండి."

అచ్చియ్యమ్మ ముఖంలో ఏదో ఆగిపోయింది. ఆమె ఎదురుచూసిన జవాబు అది కాదు. ఇదేం మాటమ్మా, నాకేం పాపం తెలుసు, అని ఈ పిల్ల ఏడుస్తుందని, తిడుతుందని, ఒట్టు వేస్తుందని అనుకుంది. అప్పుడు పోనీలే అని చేట పట్టుకుని మళ్లీ కూర్చుందామనుకుంది. మగడికి తనే సర్దిచెబుదామనుకుంది.

"తీసేస్తావా?" అంది మెల్లిగా. "అంటే తియ్యడానికి అందులో ఉందన్నమాట."

"అమ్మా, అది కాదు..."

"ఏటీ నేకపోతే ఏటి తీస్తావే? ఇరవై రోజులు పాలు పోసేను కదే మీ అమ్మకి!"

"అమ్మా, అది ఉత్త..." మణి అరుగు మీద కాలు పెట్టింది. ఎప్పుడూ పెట్టని కాలు. అచ్చియ్యమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, చేతికందిన చిన్నమ్మి రెక్క పట్టుకుని లోపలికి లాగింది. చేట తన్నుకుని మినుములు అరుగంతా చిందాయి.

"అమ్మా, అది పాఠమే! అక్కా, సెప్పక్కా!" అని చిన్నమ్మి అరుస్తోంది.

మణి నోరు తెరిచింది. అచ్చియ్యమ్మ తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి మూసి, లోపల గడియ పెట్టింది.